నున్నటి ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మహానుభావుడెవరో గానీ మా మరిదిని చూసి ఉండడు. చూసి ఉంటే పెళ్ళి సంగతి వదిలేసి, ఇల్లొక్కటే చాలు అని సామెతని సగంలో ఆపేసేవాడు. మా మరిది, అంటే మా చెల్లెలి మొగుడు, బస్సు డిపోలో మెకానిక్కు. బోల్టు బిగిస్తాడు, చేతులు తుడుచుకుంటాడు, "ఇంకొక్కసారి చూద్దాం" అని మళ్ళీ విప్పుతాడు. డిపోలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. "ఇంకొక్కసారి ఉన్నాడా?" అని అడుగుతారు, ఉన్నాడంటారు. అతను బాగుచేసిన బస్సు దారిలో ఆగిపోయిందని నేను ఎన్నడూ వినలేదు. వేళకి బయల్దేరిందని కూడా వినలేదు.

వినకపోవడం ఏమిటి, ఆ ఆలస్యాలకి తిట్లు తినేదే నేను. బస్టాండులో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునే ఉద్యోగం నాది. చిల్లర తేనివాళ్ళతో, వరస తప్పి దూరేవాళ్ళతో పొద్దస్తమానం అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది. నోట్లో నువ్వుగింజ నానదని, అనాల్సిన మాట అనకపోతే నాకు అన్నం అరగదని మా చెల్లెలు నవ్వుతుంది. నిజమే. అలాంటిదాన్ని ఆ రోజు ఆ ఇంట్లోంచి నోరు మూసుకుని ఎందుకు వచ్చానో చెప్పాలంటే ముందు మా చెల్లెలి గురించి చెప్పాలి.

మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ రేచీకటి. పొద్దు వాలితే చాలు, ఆటలో ఉన్నా సరే నా వేలు పట్టుకునేది. చీకటి పడితే గూటికి చేరాల్సిందే అని మా నాన్న దాన్ని కోడిపిల్ల అనేవాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. పగలు మాత్రం దాని కళ్ళు సూదుల్లాంటివి. పెద్దయ్యాక కాలర్లు కుట్టడంలో దాన్ని మించినవాళ్ళు లేరు. చొక్కాలు కుట్టేవాళ్ళు వీధికి నలుగురు దొరుకుతారు. కాలరు రెండు కొసలూ ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు రావాలంటే దుకాణాలవాళ్ళు దాని దగ్గరికే పంపేవాళ్ళు. కొస తిప్పేటప్పుడు నాలుక బయట పెట్టేది. ఆ నాలుక చూసి దాని కూతురు వెక్కిరించేది.

వాళ్ళు పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నది ఒక అద్దె ఇల్లు. దాన్ని ఇల్లనడానికి నాకు మనసొప్పేది కాదు. రైలుపెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. వీధి మెట్టుకి ఒక మూల విరిగిపోయింది. గడప నడిమధ్య అరిగి పల్లంపడింది. ముందు గదిలోంచి వంటింటి దాకా గచ్చు మీద ఒక పెద్ద పగులు. వంటింటి గడప ఎత్తు, స్నానాల గది గడప ఇంకా ఎత్తు. ఒక గోడకి ఏడాది పొడుగునా చెమ్మే. కుళాయి కట్టేసినా కారుతూనే ఉండేది. వెనక తలుపు నేలకి రాసుకుని కీచుమనేది. నేను వెళ్ళినప్పుడల్లా కాలి వేలు ఎక్కడో ఒకచోట కొట్టుకుని ఆ ఇంటి యజమానిని ఏడు తరాల దాకా తిట్టేదాన్ని.

కోడిపిల్లకి మాత్రం ఆ ఇంట్లో ఏనాడూ ఏదీ తగల్లేదు. కరెంటు పోతే మేమంతా అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునేవాళ్ళం. అది లేచి వంటింట్లోకి వెళ్ళి, మంచినీళ్ళు ముంచి తెచ్చి, తొణక్కుండా ఒక్కొక్కళ్ళ చేతిలో పెట్టేది. "ఇప్పుడు రేచీకటి మీకు, నాకు కాదు" అనేది. ఆ చీకట్లో దాని గొంతులో ఉండే గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కూతురు కాలేజీలో చేరిన ఏడు, పట్టపగలు పక్క నుంచి వచ్చిన సైకిలు కనబడక అది రోడ్డు మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. నేనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ లైట్లు వేసి, ఆర్పి, చాలాసేపు చూసింది. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోందట. చివరికి గొట్టంలోంచి చూసినంత మిగిలి, అదీ పోతుందట. రేచీకటితో మొదలయ్యే జబ్బేనట. మందు లేదంది. ఎన్నాళ్ళని అడిగితే చెప్పలేనంది. నేను ఏడవడానికి సిద్ధమవుతుంటే మా చెల్లెలు మాత్రం ఇల్లు మారడం గురించి అడిగింది. అప్పటికే అద్దె ఇంటి యజమాని ఆ రైలుపెట్టెల గదులన్నీ పడగొట్టి దుకాణాలు కట్టిస్తానని, ఖాళీ చెయ్యమని చెప్పి ఉన్నాడు.

"మారేదుంటే చూపు ఉండగానే మారండమ్మా" అంది డాక్టరు. "కళ్ళతో నేర్చుకున్న ఇల్లు కళ్ళు పోయినా మీకు మిగులుతుంది. తరవాత నేర్చుకోవడం చాలా కష్టం."

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాం. మరిది మొత్తం విన్నాడు. ఎప్పుడో కొనిపెట్టిన స్థలం ఒకటి ఊరి చివర పిచ్చిమొక్కలు మొలిచి పడి ఉంది. అక్కడ ఇల్లు కడదామన్నాడు. "నువ్వు చూస్తుండగానే కడతా. ప్రతి మూలా నీకు చూపిస్తా" అని పెళ్ళాం చెయ్యి పట్టుకుని అన్నాడు. కూతురి ముందు, నా ముందు, అలా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. చెల్లెలు సిగ్గుపడి చెయ్యి లాక్కుంది. ఆ క్షణంలో నేను అతని పాత పాపాలన్నీ మాఫీ చేసేశాను.

పునాదికి గీతలు గీసిన రోజు నాకు బాగా గుర్తుంది. మేస్త్రీ మేకులు పాతి, దారాలు కట్టి, వాటి వెంట సున్నం పోశాడు. ఎర్రమట్టి మీద తెల్ల గీతలు, గీతల మధ్య గదులు. కోడిపిల్ల చెప్పులు విడిచి ఆ గదుల్లో తిరిగింది. అప్పటికి ఎదురుగా ఉన్నది బాగానే కనబడేది, పక్కలే కనబడేవి కావు. దారం మీద వేలు ఆనించి నడుస్తూ, ఇది వంటిల్లు, ఇది పిల్ల గది, ఇక్కడ నా మిషను అని పైకే అనుకుంది. కిటికీ వచ్చేచోట నిలబడి, గాలిలో చెయ్యి పెట్టి రెక్క తెరిచినట్టు చేసింది. మేస్త్రీ కూడా నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు, ఇక ఫరవాలేదు అక్కా, నాకు వచ్చేసింది అని చెప్పింది. పాఠం వచ్చేసిన పిల్లలా చెప్పింది.

గోడలు లేచేదాకా అంతా సవ్యంగానే జరిగింది. గోడలు లేచాక మా వాడిలోని ఇంకొక్కసారి నిద్ర లేచాడు.

మొదట వంటింటి గుమ్మం. ఇరుకైందని ఇటుకలు తీయించి వెడల్పు చేయించాడు. ఒక గుమ్మం వెడల్పైతే మిగతావి ఇరుకుగా కనబడ్డాయి, వాటినీ పగలగొట్టించాడు. తరవాత గోడల మూలలు. మలుపు తిరిగేటప్పుడు మొహానికి కొట్టుకుంటుందని మూలలన్నీ గుండ్రంగా చెక్కించి మళ్ళీ పూత పూయించాడు. ఆ తరవాత గడపలు. తన్నుకుని పడుతుందేమోనని ఉన్న గడపలన్నీ పీకించేశాడు. వీధి గుమ్మానికి కూడా గడప లేదు, ముందు మెట్లు లేవు. నేల నుంచి రోడ్డు దాకా ఏటవాలుగా గచ్చు చేయించాడు. వంటిల్లు ఇటు ఉంటే పొయ్యి దారిలోకి వస్తుందని అటు మార్చాడు. మిషను పెట్టుకునే కిటికీ దగ్గరికి స్నానాల గది వచ్చింది, మిషను పక్క గదిలోకి పోయింది. కూతురు మాత్రం తక్కువ తిందా? ఇల్లంతా ఒకటే రకం తెల్ల పలకలు పరిస్తే ఎత్తుపల్లాలు ఉండవు, అమ్మకి హాయి అంది. మేమందరం భేష్ అన్నాం. ఎవరు కాదంటారు? విన్నవాళ్ళందరూ, పెళ్ళాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకునేవాళ్ళుంటారని విన్నాం గానీ ఇప్పుడు చూస్తున్నాం అన్నారు.

మేస్త్రీకి ఓపిక చచ్చింది. కట్టేటప్పుడు ఒక కూలి, కూల్చేటప్పుడు ఒక కూలి తీసుకుంటున్నా మనసు బాగాలేదని, చేసిన పని కళ్ళ ముందు ముక్కలైతే ముద్ద దిగడం లేదని నాతో మొర పెట్టుకున్నాడు. మధ్యలో ఇంకో పని దొరికి మాయమయ్యాడు. అతను తిరిగొచ్చేసరికి వానలు పట్టుకున్నాయి. వానలు తగ్గేసరికి ఇసక లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఈలోగా చెల్లెలి చూపు ఎవరి కోసమూ ఆగలేదు.

అది ఆ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. కాలర్లు చెప్పాయి. ముందు ఒక దుకాణం నుంచి రెండు చొక్కాలు తిరిగొచ్చాయి, కొసలు కలవలేదని. తరవాత ఇంకో దుకాణం. తరవాత అసలు పంపడమే మానేశారు. ఒకరోజు నేను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే నా మొహం కోసం అది మెడ అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది. దొరికాక అక్కడే ఆపి చూసింది. మర్నాడు సెలవు పెట్టి తిన్నగా ఇల్లు కట్టే చోటికి వెళ్ళాను. మేస్త్రీ నిచ్చెనెక్కి గోడ పగలగొడుతున్నాడు. మరిది కింద నిలబడి ఎక్కడిదాకా పగలగొట్టాలో చూపిస్తున్నాడు.

"ఏమయ్యా, కడుతున్నావా, కూలుస్తున్నావా?" అన్నాను.

"కిటికీ రెక్క లోపలికి తెరుచుకుంటోంది వదినా. దాని తలకి తగులుతుంది. బయటికి మార్పిస్తున్నా."

"దానికి కిటికీ కనబడుతుండగా ఈ ఇంట్లోకి తెస్తానన్నావు. నిన్న నా మొహమే దానికి దొరకలేదు. నువ్వు ఇలా ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చుంటే అది చూసేదెప్పుడు?"

అతని చేతుల నిండా సున్నం, గోళ్ళ సందుల్లో డిపో గ్రీజు.

"ఒక్కసారే కదా కడతాం వదినా" అన్నాడు. "నేను డ్యూటీలో ఉంటా, పిల్ల కాలేజీలో ఉంటుంది. అది ఒక్కతే ఉంటుంది. దానికి ఏదీ తగలకూడదు."

అలా అన్నవాణ్ణి ఏమని తిట్టాలి? అయినా తిట్టాను. కనీసం ఉన్నదున్నట్టు తీసుకొచ్చి చూపించమన్నాను. మేకులున్నాయి, ఇనప చువ్వలున్నాయి, పరంజా మీద నుంచి ఇటుక జారితే దాని గతేం కావాలి అన్నాడు. పూర్తయ్యాకే చూపిస్తానన్నాడు. మా చెల్లెలా, మొగుడు వద్దంటే వద్దనే రకం. నేను వెళ్ళినప్పుడల్లా ఆ కొత్త ఇంటి గురించి అడిగేది. కిటికీలకి ఏ రంగు వేశారు, మిషను దగ్గర వెలుతురు ఎటు నుంచి పడుతుంది అని. ఆ మిషను చోట ఇప్పుడు స్నానాల గది ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సున్నపు గీతల మధ్య నేర్చుకున్న ఇంటినే అది ఇంకా లోపల వల్లె వేసుకుంటోంది.

రంగులు వేస్తున్న వారంలో దాని చూపు పోయింది. పోయిందంటే ఒక్కసారిగా ఏం కాలేదు. పొద్దున్నే లేచి పక్కింటి గోడ మీద ఎండ ఇంకా రాలేదేమిటని కూతుర్ని అడిగింది. ఎండ వచ్చి చాలాసేపైంది. నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని చేతులు కళ్ళ ముందు ఆడించుకుంటోంది. ఏమైనా తెలుస్తోందా అంటే, వెలుగు ఉందో లేదో తెలుస్తోందంది. "కొత్త ఇల్లు పూర్తయిందటగా అక్కా?" అని అడిగింది. నేను ఆ గది వదిలి, వీధి మెట్టు మీద విరిగిన మూల పక్కన కూర్చుని ఏడ్చాను.

తరవాతి వారం వాళ్ళు కొత్త ఇంట్లోకి మారారు. బంధువులొచ్చారు, డిపోవాళ్ళొచ్చారు. ఇల్లు చూసి నోరెళ్ళబెట్టనివాళ్ళు లేరు. నిజానికి అంత అందమైన ఇల్లు మా వాళ్ళలో ఎవరికీ లేదు. తెల్లటి నేల, తెల్లటి గోడలు, ఎక్కడా ఒక గీత గానీ మూల గానీ లేదు. డిపో ఫోర్‌మన్ గోడ మీద అరచెయ్యి రాసి, బస్సు బాడీ కూడా ఇంత నున్నగా రాదోయ్ అన్నాడు. మా మరిది మొహంలో చాలా ఏళ్ళ తరవాత నిద్రపోయిన మనిషి మొహం కనిపించింది. నేను కోడిపిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చాను. హాలు మధ్యకి వచ్చాక అది నా చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"అక్కా, గుమ్మం దాటామా?"

ఎప్పుడో దాటామని చెప్పాను. అది తల ఊపి, వచ్చినవాళ్ళందరికీ వినబడేటట్టు ఇల్లు చాలా బాగుందని చెప్పింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందంటారు. మర్నాటి నుంచి నేను చూసింది అదే. ఆ ఇంట్లో దానికి ఏదీ తగల్లేదు. అతను అనుకున్నట్టే, ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. ఎక్కడున్నదీ కూడా తెలియలేదు. పాత ఇంట్లో అరిగిన గడప దానికి వీధి అని చెప్పేది, గచ్చు మీద పగులు వంటింటికి దారి చూపేది, కుళాయి చుక్కలు చుక్కలుగా పిలిచేది. ఇక్కడ నేల ఏమీ చెప్పదు. గోడ పట్టుకుని నడిస్తే మూల ఎక్కడ తిరిగిందో చేతికి అందదు. నాలుగు గుమ్మాలు, నాలుగూ ఒకే వెడల్పు. మాట్లాడితే ఆ మాట నాలుగు పక్కల నుంచీ తిరిగొస్తుంది. కాలర్ల కొసల తేడా వేలితో పట్టి చెప్పగలిగిన మనిషి, సొంత ఇంట్లో వంటిల్లు ఎటని పిల్లని అడగాల్సి వచ్చింది.

నేను ఊరుకుంటానా? వంటింటి గుమ్మం దగ్గర ఒక పీచు పట్టా తెచ్చి వేశాను, కాలికి గరుకుగా తగిలి గుర్తు తెలుస్తుందని. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఆ నున్నటి పలకల మీద పట్టా జారింది, దాంతోపాటు అదీ జారింది. మణికట్టు వాచింది. మరిది ఆ పట్టాని రోడ్డు అవతలికి విసిరేశాడు. నన్నేమీ అనలేదు. నాకే మొహం చెల్లలేదు.

అంతకన్నా పెద్ద గండం ఇంకొకటి గడిచింది. ఒక మధ్యాహ్నం అది వంటింట్లోకి వెళ్తున్నాననుకుని వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. ఆపడానికి గడప లేదు, తెలియడానికి మెట్టు లేదు. ఏటవాలు గచ్చు మీద మెల్లగా దిగి రోడ్డు మధ్యకి చేరింది. లారీవాడు హారన్ కొట్టి, బ్రేకు వేసి, దిగి తిట్టాడు. ఆ హారన్ వినేదాకా తను వంటింట్లో ఉన్నాననే అనుకుందట. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు, కూతురికీ చెప్పలేదు. నాకు చెప్పి ఒట్టు వేయించుకుంది. అప్పటి నుంచి ఎవరూ లేనప్పుడు మంచం దిగడం తగ్గించేసింది. పాత ఇంటికి ఒకసారి తీసుకెళ్ళమని, వీధి మెట్టు మీద కాసేపు కూర్చుంటానని అడిగింది. అప్పటికి ఆ పెట్టెలన్నీ పడగొట్టి దుకాణాలకి స్తంభాలు లేపుతున్నారు. ఎండ తగ్గాక వెళ్దాంలే అని మాట మార్చాను.

అలాంటి రోజుల్లో ఒకసారి నేను వెళ్ళేసరికి అది మంచం మీద లేదు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, మొహమంతా నవ్వు. నన్ను దగ్గరికి రమ్మని, నా కాలు ఒకచోట పెట్టించింది. పలకలు పరిచినప్పుడు ఎవడి చేతిలోనో ఉలి జారినట్టుంది. గుమ్మం పక్క పలకకి కొస కొద్దిగా ఎగిరిపోయింది. చూస్తే కనబడనంత. బొటనవేలికి మాత్రం గరుగ్గా తగులుతుంది. ఇక్కడ నిలబడితే ముందు వంటిల్లు, కుడి చేతికి మిషను గది, వెనక్కి తిరిగితే తిన్నగా మంచం అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. చెప్పి, నాకు టీ పెట్టి ఇచ్చింది. తొణకలేదు. కొత్త ఇంట్లో అది తన చేత్తో నాకు ఇచ్చిన మొదటి టీ.

"ఇల్లంతా ఆయనది, పిల్లది" అంది. "ఈ పెంకు ముక్క నాది."

ఆ తరవాత కొన్నాళ్ళు అది మనిషిలా తిరిగింది. మిషను మీద కూర్చుని పాత గుడ్డలు కుట్టడం మొదలుపెట్టింది. చూపుతో పని లేకుండా చేతివాటంతోనే కాలరు ఎంతవరకు వస్తుందో చూస్తానంది. వంకర వచ్చింది, నవ్వింది, విప్పి మళ్ళీ కుట్టింది. నువ్వు కూడా ఇంకొక్కసారివి అయిపోయావే అని నేను ఏడిపించాను. రోజుకి ఎన్నిసార్లు ఆ పలక కోసం కాలితో వెతికేదో, బొటనవేలు గీసుకుని చర్మం లేచింది. నొప్పి లేదా అంటే, అది నొప్పి కాదు, దారి అంది.

మణికట్టు నొప్పి తగ్గలేదని ఒక ఆదివారం నేను దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మరిది ఇంట్లోనే ఉండి తన పనేదో చేసుకుంటానన్నాడు. వరసలో నిలబడి, చూపించుకుని, తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. అలిసిపోయిందని చెయ్యి పట్టుకుని తిన్నగా మంచం దాకా నడిపించి, పడుకోబెట్టి, నేను వెళ్ళిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ మారగానే, మందులు వేసుకుందో లేదోనని మళ్ళీ వెళ్ళాను. వీధి తలుపు బార్లా తీసి ఉంది. హాలు మధ్యలో కోడిపిల్ల నిలబడి ఉంది. రెండు చేతులూ కొద్దిగా ముందుకు చాపి, ఒక కాలు అర అడుగు ముందుకు వేసి, అలాగే ఆగిపోయి ఉంది. చెంపల మీద నీళ్ళు ఎండిపోయి చారలు కట్టాయి. నా అడుగుల చప్పుడికి ఉలిక్కిపడింది.

"నేనేనే" అన్నాను. "ఎంతసేపటి నుంచి ఇలా నిలబడ్డావు?"

"తెలీదు. గ్యాసు అతను సిలిండరు పెట్టి వెళ్ళాడు. తలుపు తీసే ఉంది కదూ?"

"తీసే ఉంది."

"అదే. వెనక్కి తిరిగి నా పలక కోసం వెతికా. లేదక్కా. అన్ని గుమ్మాల దగ్గరా వెతికా. గోడ దొరుకుతోంది, ఏ గోడో తెలీట్లేదు. గుమ్మం దొరుకుతోంది, అది వంటిల్లో రోడ్డో తెలీట్లేదు. ఇక కదలకుండా ఉండిపోయా."

నేను వంటింటి గుమ్మం వైపు చూశాను. అక్కడ పక్కవాటికన్నా ఇంకాస్త తెల్లగా ఒక కొత్త పలక మెరుస్తోంది. నిన్న అతను చేసుకుంటానన్న పనేదో అప్పుడు తెలిసింది. నా ఒళ్ళు మండిపోయింది.

"అరవలేకపోయావా? పక్కనే ఇళ్ళున్నాయి, మనుషులున్నారు" అన్నాను.

"అరిస్తే వస్తారు. వచ్చి చూస్తారు. అంత చేసి కట్టించాడు, ఆవిడ నడవనైనా నడవలేకపోతోంది అంటారు. ఆ మాట ఆయన చెవిన పడుతుంది."

"పడనీ. ఈ పూట నేనే చెప్తాను. ఎడాపెడా చెప్తాను."

అది గాలిలో తడిమి నా చెయ్యి దొరకబుచ్చుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"వద్దక్కా. చెప్తే మళ్ళీ విప్పుతాడు. ఇల్లంతా విప్పుతాడు. నాకు మళ్ళీ నేర్చుకునే ఓపిక లేదు. రోజూ పని నుంచి రాగానే గోడలన్నీ తడుముతాడు, నాకు ఏదైనా గుచ్చుకుంటుందేమోనని. నాకు వినబడుతుంది ఆ చేతి చప్పుడు. ఇది నాకు పనికిరాలేదని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. నాకు కళ్ళు పోయాయి, సరే. ఆయనకి ఈ ఇల్లు కూడా పోతే ఏం మిగులుతుంది చెప్పు."

"అయితే రోజూ ఇలాగే నిలబడతావా?"

"నిలబడన్లే" అంది. "మంచం మీదే కూర్చుంటాను."

మంచం దాకా నడిపించాను. కూర్చుని, మంచం కోడు ఒక చేత్తో పట్టుకుంది. మిషను మీద సగం కుట్టిన కాలరు ఉంది, తెచ్చి ఇవ్వనా అంటే, ఎందుకులే, దాని మీద గుడ్డ కప్పెయ్యి అంది. కప్పేశాను. అతను వచ్చేదాకా దాని పక్కనే కూర్చున్నాను. పాత ఇంటి కుళాయి గురించి, మా నాన్న గురించి ఏవో చెప్పాను. అది ఊఁ కొట్టింది.

సాయంత్రం అతను వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి నన్ను చూసి సంతోషించాడు.

"ఇల్లంతా తిరుగుతోందా వదినా?" అని అడిగాడు.

నా నోటి నిండా మాటలున్నాయి. మంచం మీద నుంచి అది మొహం నా వైపు తిప్పింది. నా మొహం ఎక్కడుందో దానికి తెలియదు, కొంచెం పక్కకి చూస్తోంది.

"తిరుగుతోంది" అన్నాను.

అతని మొహం విప్పారింది. రండి, మీకొకటి చూపిస్తానని నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. పలక కొస ఎగిరి దాని కాలు గీసుకుంటోందని, పాపం తనతో చెప్పనే లేదని, నిన్న మేము ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తానే తీసి కొత్తది వేశానని, కోడిపిల్లకి తెలియను కూడా తెలియలేదని గొంతు తగ్గించి చెప్పాడు.

"చెయ్యి పెట్టి చూడండి వదినా. అతుకు తెలుస్తోందా?"

వంగాను. అరచెయ్యి ఆ పలక మీద పెట్టి, పక్క పలక మీదికి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపాను. ఎంత వెతికినా ఏదీ తగల్లేదు.

"తెలీట్లేదు" అన్నాను.

"ఇంకొక్కసారి చూడండి" అన్నాడు.

చూశాను.